డ్రైవ్‌వే పగుళ్లు: సీలర్ పూయాలా, తవ్వి మళ్లీ వేయించాలా?

ప్రశ్న: నమస్కారమండీ. మాది న్యూజెర్సీ, మిడిల్‌సెక్స్ కౌంటీ. 1996లో కట్టిన ఇల్లు మూడేళ్ల కిందట కొన్నాం. డ్రైవ్‌వే తారుది. 18 అడుగుల వెడల్పు, 45 అడుగుల పొడవు. కొన్నప్పుడే సన్నటి పగుళ్లు ఉన్నాయి. ఈ చలికాలం పోయాక గరాజ్ ముందు కుడివైపు మొసలి చర్మంలా గళ్లు గళ్లుగా విడిపోయింది, వాన పడితే అక్కడే నీళ్లు నిలుస్తున్నాయి. గత శనివారం ఒకాయన తలుపు కొట్టి, పక్క వీధిలో పని చేశామని, ట్రక్కులో తారు మిగిలిపోయిందని, ఈ రోజే అయితే 2,500 డాలర్ల క్యాష్‌కి మొత్తం కొత్తగా వేసేస్తానని అన్నాడు. మావారు హైదరాబాద్ వెళ్లారు, రెండు రోజులు టైమ్ ఇవ్వమన్నాను. మళ్లీ శనివారం వస్తానన్నాడు. కార్డు కూడా ఇవ్వలేదు. పక్కింటాయన ఏటా సీలర్, అంటే తారు మీద పూసే నల్లటి పూత, పూస్తే చాలంటున్నారు. మావారు షాపులో డబ్బాలు కొని నేనే పూసేస్తానంటున్నారు. జూన్ చివర్లో బాబు గ్రాడ్యుయేషన్ పార్టీ, డ్రైవ్‌వే మీదే టెంట్ వేద్దామనుకుంటున్నాం. ఏం చేయాలో తోచడం లేదు, టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీరు రెండు రోజులు టైమ్ అడిగి చాలా మంచి పని చేశారు. ముందు ఆ శనివారం మనిషి సంగతి తేల్చేద్దాం. మిగతా పనులు నెల ఆగినా నష్టం లేదు, ఇది మాత్రం ఈ వారంలోనే తేలాలి.

ఆయన చెప్పిన "మిగిలిపోయిన తారు" మాటను లెక్క వేసి చూడండి. మీ డ్రైవ్‌వే 18 బై 45, అంటే 810 చదరపు అడుగులు. మన ఊరి లెక్కలో సరిగ్గా 90 గజాలు. రోలర్‌తో తొక్కించాక గజం చోటుకి, ఒక్కో అంగుళం మందానికి, దాదాపు 110 పౌండ్ల మిక్స్, అంటే తారు కలిపిన కంకర, పడుతుంది. రెండంగుళాలు వేయాలంటే 19,800 పౌండ్లు, అంటే సుమారు 10 టన్నులు. కాంట్రాక్టర్ ప్లాంట్ దగ్గర టన్నుల లెక్కన డబ్బు కట్టి మిక్స్ తెచ్చుకుంటాడు. టన్నో, అర టన్నో మిగిలిందంటే నమ్మొచ్చు. పది టన్నులు మిగిలేలా ఎవరూ ఆర్డర్ పెట్టరు. పైగా ఆ మిక్స్ ప్లాంట్‌లో దాదాపు 300 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడితో ట్రక్కెక్కుతుంది. 180 డిగ్రీల దాకా చల్లారిందంటే ఆ తర్వాత రోలర్ ఎంత తిప్పినా సరిగ్గా దిగదు, రాళ్ల మధ్య సందులు అలాగే ఉండిపోతాయి. పొద్దున పక్క వీధిలో పని ముగించుకుని, మీ ఇంటికొచ్చి బేరమాడి, మీరు సరేనన్నాక పరిచే మిక్స్‌లో వేడి ఎంత మిగిలి ఉంటుంది?

ఇలాంటివాళ్లు సాధారణంగా చేసేది పాత తారు మీదే అరంగుళం మందాన కొత్తది పరిచి వెళ్లిపోవడం, లేదంటే పల్చటి నల్లటి ద్రవం చల్లి డబ్బు తీసుకోవడం. ఆ సాయంత్రం చూస్తే నిగనిగలాడుతూ ఉంటుంది. వచ్చే చలికాలానికి పెచ్చులు లేస్తుంది. సగం పని అయ్యాక "మీ చోటు నేను అనుకున్నదానికంటే పెద్దది" అని రేటు పెంచడం కూడా వీళ్లకు అలవాటు. తలుపు కొట్టిన ప్రతివాడూ మోసగాడని నేను అనను. కొత్తగా వ్యాపారం పెట్టి ఇల్లిల్లూ తిరిగే నిజాయితీపరులు ఉన్నారు. కానీ వాళ్లు కార్డు ఇస్తారు, కొలతలు తీసుకుంటారు, కాగితం మీద ఎస్టిమేట్ రాసిచ్చి వెళ్తారు.

న్యూజెర్సీ చట్టం ఈ విషయంలో మీ పక్షాన ఉంది. ఇంటి పనుల ఒప్పందం 500 డాలర్లు దాటితే అది రాతపూర్వకంగా ఉండాలి. కాంట్రాక్టర్‌కి రాష్ట్ర కన్స్యూమర్ అఫైర్స్ విభాగం ఇచ్చిన నంబరు ఉండాలి, అది 13వీహెచ్ అని మొదలవుతుంది. ఆ విభాగం వెబ్‌సైట్‌లో నంబరు కొట్టి మీరే సరిచూసుకోవచ్చు. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ కాపీ ఒప్పందంతో పాటు ఇవ్వాలి. సంతకాలయ్యి మీ కాపీ మీ చేతికి అందాక, మూడో వర్కింగ్ డే అర్ధరాత్రి లోపు ఏ కారణమూ చెప్పకుండా రద్దు చేసుకునే హక్కు మీకుంది. "ఈ రోజే" అని తొందరపెట్టేవాడు మీ దగ్గర లాక్కునేది ఆ మూడు రోజులనే. అందుకే అతన్ని వద్దనండి.

ఇప్పుడు మీ డ్రైవ్‌వే దగ్గరికి వద్దాం.

మనవైపు రోడ్డు పని దగ్గర నిలబడి చూసినవాళ్లకు ఇది బాగా తెలుసు. ముందు మట్టి చదును చేస్తారు, గ్రావెల్ పోస్తారు, కంకర పరిచి నీళ్లు కొట్టి రోలర్ తిప్పుతారు, ఆ తర్వాతే బీటీ, అంటే తారు పొర. ఇక్కడి డ్రైవ్‌వే కూడా అంతే. కారు బరువును నేలకు పంచి మోసేది కింద ఉన్న ఆరు నుంచి ఎనిమిది అంగుళాల కంకర. పైనున్న రెండు మూడు అంగుళాల నల్ల పొరలోనూ బరువు లెక్కన 95 శాతం దాకా రాళ్లూ ఇసుకే, తారు 5 శాతం మాత్రమే. ఆ తారు పని రెండు రకాలు: రాళ్లను అంటిపెట్టి ఉంచడం, నీటిని కిందికి పోనివ్వకపోవడం. ఎండకీ గాలికీ ఏళ్ల తరబడి తారు గట్టిపడి పెళుసవుతుంది, పగులుతుంది. పగుళ్లలో నీళ్లు దిగుతాయి. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. న్యూజెర్సీ చలికాలంలో రాత్రి గడ్డకట్టడం, పగలు కరగడం ఎన్నోసార్లు జరుగుతుంది. ప్రతిసారీ ఆ పగులు కాస్త విచ్చుకుంటుంది, కింద కంకర కాస్త కదులుతుంది. మార్చి నెలలో మంచు పూర్తిగా కరిగి కింద మట్టి బురదగా ఉన్నప్పుడు బరువైన ఎస్‌యూవీ దాని మీద నిలబడితే నల్ల పొర వంగి విరుగుతుంది. ఆ విరగడమే మీరు రాసిన మొసలి చర్మం. ఆ గళ్లు కనబడ్డాయంటే జబ్బు పై పొరది కాదు, కింద కంకరదని తెలుసుకోవాలి.

మా మొదటి ఇంట్లో ఇదే జరిగింది. అదీ ఈ రాష్ట్రంలోనే. గరాజ్ ముందు ఇలాంటి గళ్లే. ఒక కాంట్రాక్టర్ వచ్చి "తవ్వడం దండగ, పైన ఒకటిన్నర అంగుళం వేసేస్తే సరిపోతుంది" అన్నాడు. రోడ్ల పనిలో పుట్టి పెరిగిన నేను కూడా, చంటిపిల్లతో సతమతమవుతున్న రోజులు కావడంతో, సరేనన్నాను. మొదటి చలికాలం బాగానే గడిచింది. రెండో చలికాలం తర్వాత పాత గళ్లు పాత చోట్లోనే, అదే ఆకారంలో పైకి వచ్చేశాయి. పెట్టిన డబ్బు పోయింది. తర్వాత తవ్వి చూస్తే కింద ఉన్నది కంకర కాదు, తడిసిన బంకమట్టిలో అక్కడక్కడ నాలుగు రాళ్లు. పైన పటారం, లోన లొటారం అనే మాట ఆ రోజు నాకు కళ్లకు కట్టింది. మీకు ఆ ఖర్చు రెండుసార్లు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ ఉత్తరాన్ని బట్టి నాకు అర్థమైనంతలో మీకు మొత్తం డ్రైవ్‌వే తీసేయాల్సిన అవసరం ఇప్పుడు లేదు. గళ్లు ఒక్క చోటే ఉన్నాయి, అదీ నీళ్లు నిలిచే చోట. కాబట్టి ముందు ఆ నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి. గరాజ్ కుడి మూలన గట్టర్ గొట్టం, అదే డౌన్‌స్పౌట్, దిగుతోందా? చాలా ఇళ్లలో అది నేరుగా తారు అంచు దగ్గరే నీళ్లు వదిలేస్తుంది. కప్పు మీద పడ్డ వానంతా ఒకే చోట కిందికి దిగి కంకరను నానబెడుతుంది. అదే కారణమైతే, గొట్టానికి పొడిగింపు పెట్టి నీటిని పచ్చిక వైపు మళ్లించడం మొదటి పని. ఖర్చు కొద్దిగానే, ఫలితం చాలా ఎక్కువ. పక్కవాళ్ల స్థలంలోకి మాత్రం మళ్లించకండి.

ఆ తర్వాత ఆ ముక్కను కోసి బాగు చేయించండి. ప్యాచ్ అని ఎవరైనా పైపైన ముద్ద వేసి పోతానంటే ఒప్పుకోకండి. గళ్లు ఆగిన చోటి నుంచి ఇంకో అడుగు గట్టి తారులోకి వెళ్లి, రంపంతో నిటారుగా, నలుచదరంగా కోయాలి. నల్ల పొరా, కింద మెత్తబడ్డ కంకరా, బురదా అన్నీ తీసేయాలి. కొత్తగా ముప్పావంగుళం సైజు రాళ్లుండే క్వారీ ప్రాసెస్ పోయాలి. ఇక్కడి కాంట్రాక్టర్లు క్యూపీ అనో, డీజీఏ అనో అంటారు, దుమ్ముతో సహా కలిసిన కంకర అది. ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు, ఒకేసారి కాకుండా రెండు పొరలుగా పోసి, ఒక్కో పొరనూ మెషిన్‌తో దిమ్మిస కొట్టాలి. కోసిన అంచులకు అంటుకునే తారు పూత, టాక్ కోట్, పూసి అప్పుడు హాట్ మిక్స్ వేసి రోలర్ తిప్పాలి. తొక్కించిన తర్వాత మూడంగుళాలు ఉండాలని కాగితం మీద రాయించుకోండి. ఈ "తొక్కించిన తర్వాత" అనే మాట చాలా ముఖ్యం. పరిచినప్పుడు మూడంగుళాలున్నది రోలర్ తిరిగాక రెండుంపావు, రెండున్నరకు దిగిపోతుంది. ఒప్పందంలో వట్టి "మూడంగుళాలు" అని ఉంటే ఆ తేడా మీ జేబులోంచి పోయినట్టే.

వాలు కూడా అప్పుడే సరి చేయించాలి. గరాజ్ నుంచి బయటికి అడుగుకు పావంగుళం చొప్పున దిగాలి. పని ముగిసి వాళ్లు వెళ్లేలోపు, తారు చల్లారాక, ఒక బకెట్ నీళ్లు పోసి ఎటు పోతున్నాయో వాళ్ల ముందే చూడండి. చెక్కు ఆ తర్వాత ఇవ్వండి.

పని చేసేవాళ్లను ఎంచుకునేటప్పుడు ముగ్గురి దగ్గర ఎస్టిమేట్ తీసుకోండి. రేటు కంటే వాళ్లు అడిగే ప్రశ్నలు చూడండి. నీళ్లు ఎటు పోతున్నాయని అడిగినవాడు, మోకాలి మీద కూర్చుని గళ్లు చూసినవాడు, ఐదారేళ్ల కింద వేసిన డ్రైవ్‌వే ఒకటి అడ్రస్‌తో చూపించగలిగినవాడు పనికొస్తాడు. మొన్న వేసింది చూపిస్తే ఉపయోగం లేదు, కొత్తగా అన్నీ బాగానే ఉంటాయి. లోతుగా తవ్వే ముందు 811కి ఫోన్ చేయాలి. గ్యాస్, కరెంటు, కేబుల్ గీతలు ఉచితంగా మార్క్ చేసి వెళ్తారు. న్యూజెర్సీలో మూడు పూర్తి వర్కింగ్ డేస్ ముందు చెప్పాలి. అది కాంట్రాక్టర్ పనే, కానీ చేశాడో లేదో మీరు అడగండి. వీధి అంచున ఉండే భాగం, అంటే ఏప్రన్, ముట్టుకున్నా, డ్రైవ్‌వే వెడల్పు పెంచినా టౌన్‌షిప్ పర్మిట్ అవసరం పడొచ్చు. ముందే కనుక్కోండి.

మిగతా సన్న పగుళ్ల పని మీవారు చక్కగా చేసుకోవచ్చు. పావంగుళం దాటిన ప్రతి పగులునూ నింపాలి. అందులో మొలిచిన గడ్డి వేళ్లతో సహా పీకి, స్క్రూడ్రైవర్‌తో గీకి, బ్లోయర్‌తో దుమ్మంతా ఊది, పూర్తిగా ఆరనివ్వాలి. అరంగుళం కంటే వెడల్పూ లోతూ ఉంటే అడుగున ఇసుక గానీ ఫోమ్ తాడు (బ్యాకర్ రాడ్) గానీ పెట్టి పైన క్రాక్ ఫిల్లర్ పోయాలి. రెండు రోజుల్లో కుంగితే ఇంకోసారి పోయాలి. ఈ పని సీలర్ కంటే పదింతలు ముఖ్యం. నా మాట నమ్మండి, ఏటా ఏప్రిల్‌లో ఒక పూట, అక్టోబరులో ఒక పూట పగుళ్లకు కేటాయిస్తే డ్రైవ్‌వే ఆయుష్షు చాలా పెరుగుతుంది.

సీలర్ గురించి మీ పక్కింటాయన చెప్పింది సగం నిజం. సీలర్ పల్చటి పూత. ఎండ, ఒలికిన పెట్రోలు, వాన, వీటి నుంచి తారును కొంత కాపాడుతుంది. అంతే. విరిగినదాన్ని అతికించదు, గళ్ల మీద పూస్తే గళ్లు నల్లగా కనిపిస్తాయి. ఏటా పూస్తే పొర మీద పొర పేరుకుని ఆ పూతే పగిలి పెచ్చులవుతుంది. మూడేళ్లకోసారి చాలు. కొత్తగా వేసిన తారు మీద కనీసం ఆరు నెలలు, వీలైతే ఒక చలికాలం గడిచేదాకా పూయకూడదు, అందులోని నూనెలు ఆరి గట్టిపడాలి.

ఇక్కడ మన మాటలో ఒక చిక్కుంది, అది మీ ఇంటి ఆరోగ్యానికి సంబంధించింది కాబట్టి చెబుతాను. మనం రెండు వేర్వేరు పదార్థాలను తారు అనే అంటాం. ముడిచమురు శుద్ధి చేశాక అడుగున మిగిలేది బిటుమెన్, రోడ్లకూ డ్రైవ్‌వేలకూ వాడేది అదే. బొగ్గును కోక్‌గా మార్చేటప్పుడు వచ్చేది కోల్ తార్. సీలర్లు రెండింటితోనూ చేస్తారు. కోల్ తార్ సీలర్‌లో పీఏహెచ్ అనే రసాయనాలు చాలా ఎక్కువ, వాటిలో కొన్ని క్యాన్సర్ కారకాలు. బిటుమెన్ సీలర్‌తో పోలిస్తే దాదాపు వెయ్యి రెట్లని అమెరికా జియలాజికల్ సర్వే తేల్చింది. ఆ పూత అరిగి దుమ్ముగా మారి, చెప్పులకు అంటుకుని ఇంట్లోకి వస్తుంది, వానకు కాలువల్లోకి పోతుంది. టెక్సస్‌లోని ఆస్టిన్ నగరం 2006 నుంచి దీన్ని నిషేధించింది, దేశంలో మొదటి నగరం అదే. 2011లో వాషింగ్టన్ రాష్ట్రం, తర్వాత న్యూయార్క్ రాష్ట్రం కూడా నిషేధించాయి. మీవారు డబ్బా కొనేటప్పుడు "అస్ఫాల్ట్ ఎమల్షన్" అని ఉన్నదే కొనమనండి. ఎవరికైనా పని అప్పగిస్తే సేఫ్టీ షీట్, అంటే సీలర్‌లో ఏ రసాయనాలున్నాయో చెప్పే కాగితం, అడగండి. అందులో 65996-93-2 అనే నంబరు కనిపిస్తే అది కోల్ తార్, వద్దనండి. చిన్నపిల్లలు నేల మీద పాకే ఇళ్లలో దీన్ని అస్సలు తేలిగ్గా తీసుకోకూడదు.

సీలర్ పూసేటప్పుడు పగలూ రాత్రీ 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉండాలి, 24 గంటలు వాన రాకూడదు. ఒక మందపు కోటు కంటే రెండు పల్చటి కోట్లు మేలు. మీకైతే సీలర్ ఈ ఏడు వద్దు. ప్యాచ్ వేసిన ఏడాదే సీలర్ పూయకూడదు, ప్యాచ్ వదిలేసి మిగతాదానికే పూస్తే రంగు తేడాగా ఉంటుంది. వచ్చే ఏడాది మే, జూన్‌లలో అంతా కలిపి ఒకేసారి పూయండి.

ఇక పార్టీ. చలికాలంలో మూసిన తారు ప్లాంట్లు ఈపాటికి తెరిచే ఉంటాయి, కాబట్టి మే మొదటి రెండు వారాల్లోపు ప్యాచ్ పని అయ్యేలా చూసుకోండి. వేశాక కనీసం మూడు రోజులు దాని మీద కారు పెట్టకండి, ఎండ ఎక్కువగా ఉంటే వారం ఆగండి. మొదటి వేసవి అంతా కొత్త తారు కాస్త మెత్తగానే ఉంటుంది. చిన్నప్పుడు మే నెల మధ్యాహ్నం రోడ్డు దాటితే తారు చెప్పులకు అంటుకుని సాగేది గుర్తుందా, అదే గుణం ఇది. కారు నిలబడి ఉండగా స్టీరింగ్ తిప్పితే అక్కడ తారు నలిగి సుడి తిరుగుతుంది. బైక్ స్టాండు, జాకీ, మడత కుర్చీల సన్న కాళ్లు గుంటలు చేస్తాయి. పార్టీ రోజు గరాజ్ ముందు ముక్క మీద ప్లైవుడ్ షీట్లు పరిచి వంటల టేబుళ్లు వాటి మీద పెట్టించండి. టెంట్ వాళ్లు తారులోకి మేకులు దిగ్గొడతామంటే ఒప్పుకోకండి, ఆ రంధ్రాల్లోంచే వచ్చే చలికాలం నీళ్లు దిగుతాయి. నీళ్ల డ్రమ్ములో, కాంక్రీట్ దిమ్మెలో బరువు పెట్టి కట్టమనండి. మామూలుగా అవి వాళ్ల దగ్గర ఉంటాయి.

అంచుల సంగతి కూడా చూడండి. తారు అంచు పక్కన మట్టి కిందికి జారి ఉంటే, నింపి గడ్డి విత్తండి. ఆసరా లేని అంచు మీద టైరు ఎక్కితే విరుగుతుంది. కారు కింద ఇంజిన్ ఆయిల్ చుక్కలు కనబడితే వెంటనే పిల్లి లిట్టర్ చల్లి, పీల్చాక సబ్బునీళ్లతో కడగండి. తారు కూడా పెట్రోలియం పదార్థమే కదా, నూనె దాన్ని కరిగిస్తుంది.

మీరుండే రాష్ట్రానికీ ఈ తారుకీ ఒక పాత బంధం ఉంది. అమెరికాలో మొట్టమొదటి ఆధునిక తారు రోడ్డు వేసింది న్యూయార్క్‌లోనో, వాషింగ్టన్‌లోనో కాదు, 1870లో మీకు అరగంట దూరంలోని నూవార్క్ సిటీ హాల్ ముందు. బెల్జియం నుంచి వచ్చిన డి స్మెట్ అనే రసాయన శాస్త్రవేత్త వేయించాడు. ఈసారి మీవారితో అటు వెళ్తే ఒకసారి తలుచుకోండి.

శనివారం ఆ మనిషి వస్తే తలుపు గొళ్లెం తీయకుండానే మాట్లాడండి. "వద్దు, మేం వేరేవాళ్లకు ఇచ్చేశాం" అనండి చాలు, వాదన పెట్టుకోవద్దు. మీరు లేనప్పుడు పని మొదలుపెట్టే అవకాశం ఉందనిపిస్తే పక్కింటాయనకు కూడా చెప్పి ఉంచండి. ఇకపోతే, ఈ వారం వాన పడగానే గొడుగు వేసుకుని బయటికెళ్లి మూడు ఫోటోలు తీయండి: గట్టర్ గొట్టం నీళ్లు వదిలే చోటు, గరాజ్ ముందు నీళ్లు నిలిచిన మేర, గళ్లు మొదలై ఆగే హద్దులు. మూడో ఫోటోలో పక్కన ఒక చెప్పు పెట్టండి, కొలత తెలుస్తుంది. అవి పంపితే ఎంత మేర కోయించాలో, ఎస్టిమేట్‌లో ఎన్ని గజాలు రాయించాలో చెబుతాను.